గాలి అంతస్తుల లెక్క: కాలుష్యం ఏ ఎత్తున ఉందో నేల మీద నుంచి కొలవగలమా?

నగరంలో గాలి ఎంత చెడిందో చెప్పే యంత్రాలు నేలకు కొద్ది మీటర్ల ఎత్తులోనే గాలి పీలుస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నమూనాల సేకరణకు చెప్పిన ఎత్తు 3 నుంచి 10 మీటర్లు. ఉపగ్రహం లెక్క వేరు. అది నేల నుంచి పైదాకా ఉన్న వాయువునంతా కూడి ఒక్క అంకె ఇస్తుంది. అడుగున ఎంత ఉందో మొదటిది చెబుతుంది, మొత్తం ఎంత ఉందో రెండోది చెబుతుంది. ఆ మొత్తంలో ఎంత భాగం ఏ ఎత్తున పరుచుకుని ఉందో రెండూ చెప్పవు. మనం పీల్చే విషం ఎంతన్నది మాత్రం ఆ పంపకాన్ని బట్టే ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున ఉత్తరాది మైదానాల్లో నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి పైగాలి కంటే చల్లగా మారుతుంది. గిన్నెకు మూత పెట్టినట్టు పొగంతా రెండు వందల మీటర్ల లోపే ఇరుక్కుంటుంది. మే నెల మధ్యాహ్నం అంత పొగే రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా కలిసిపోతుంది. వెలువడిన పొగలో తేడా లేకపోయినా సాంద్రత పది రెట్లు మారగలదు. సాయంత్రం నేల చల్లబడ్డాక పగటి కాలుష్యంలో కొంత పైన వేరే పొరగా మిగిలిపోయి, మర్నాడు ఎండ ఎక్కి గాలి కలవడం మొదలవగానే కిందికి దిగుతుంది. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటలకు నేల మీది యంత్రం చూపే పెరుగుదలలో ఈనాటి వాహనాలది ఎంత, నిన్నటి నిల్వ ఎంత అన్నది పైపొరను చూడకుండా విడదీయలేం. విడదీయలేనంతకాలం వాహనాలపై పెట్టిన ఆంక్ష ఫలించిందో లేదో కూడా గట్టిగా చెప్పలేం.

ఈ పొరల్ని నేల మీది నుంచే, కాంతి సాయంతో చదివే పద్ధతులు అనేకం వచ్చాయి. ఏది నమ్మదగినది అన్న వాదన ముదిరి, ఇప్పుడు చిక్కుముడిలా తయారైంది. ఆ ప్రశ్న వేసిన తీరులోనే పొరపాటు ఉందన్నది ఈ సమీక్షలో నా వాదం. నేల మీది ఏ రిమోట్ సెన్సింగ్ పరికరమూ ఎత్తుల వారీ సాంద్రతను నేరుగా కొలవదు. తన దగ్గరికి చేరిన కాంతిని కొలుస్తుంది. కాంతి నుంచి సాంద్రతకు వెళ్లే దారిలో ఎక్కడో ఒకచోట ఒక ఊహ కలుస్తుంది. లేజర్ కాంతిని పైకి పంపి చదివే లైడార్‌లో అది ఒకచోట కలుస్తుంది, ఆకాశపు వెలుగును చదివే పద్ధతుల్లో మరోచోట. ఆ ఊహ ఎక్కడ కలిసిందో, ఫలితంలో దాని వాటా ఎంతో తెలిస్తేనే ఒక కొలతను మరో కొలతతో పోల్చడానికి వీలవుతుంది.

ఓజోన్ నేర్పిన తొలి పాఠం

నేల మీది నుంచి ఎత్తుల లెక్క తీయడమన్న ప్రశ్న కొత్తది కాదు. 1929లో స్విట్జర్లాండ్‌లోని ఆరోసాలో పనిచేసే శాస్త్రవేత్త ఎఫ్.డబ్ల్యు.పి. గోట్జ్ ఉత్తర ధ్రువానికి దగ్గరున్న స్పిట్స్‌బెర్గెన్ వెళ్లి, నడినెత్తిన ఆకాశం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతిని పరిశీలించారు. ఓజోన్ బాగా పీల్చుకునే తరంగదైర్ఘ్యం ఒకటి, తక్కువ పీల్చుకునేది ఒకటి ఎంచుకుని వాటి నిష్పత్తి చూశారు. సూర్యుడు దిగుతున్నకొద్దీ నిష్పత్తి తగ్గుతూ వచ్చి, దిగంతానికి చేరువలో ఒక్కసారిగా వెనుదిరిగింది. సూర్యుడు కిందికి వాలినకొద్దీ మనకు చేరే కాంతి అంతకంతకూ పై ఎత్తుల్లో చెదిరి వస్తుంది. ఆ చెదిరే ఎత్తు ఓజోన్ పొరను దాటి పైకి వెళ్లిన క్షణంలో ఈ మలుపు కనిపిస్తుంది. తిరుగుముఖం అనే అర్థంలో దీనికి ‘ఉమ్‌కేర్’ అని జర్మన్ పేరు పెట్టారు. గోట్జ్, మీతమ్, డాబ్సన్ కలిసి 1934లో ఈ మలుపు నుంచి లెక్కగట్టి, ఓజోన్ రాశి కేంద్రం సుమారు 22 కిలోమీటర్ల దగ్గర ఉందని తేల్చారు. అంతకుముందు అది 50 కిలోమీటర్లకు దగ్గరలో ఉంటుందని నమ్మేవారు. అదే ఏడాది జర్మనీలో రెగెనర్ బృందం బెలూన్‌లో పంపిన వర్ణపటమాపకం ఈ లెక్కను బలపరిచింది.

మన దేశంలో ఈ పద్ధతిని పట్టుకున్నది అహ్మదాబాద్ భౌతిక పరిశోధన ప్రయోగశాల. దాని తొలి డైరెక్టర్ కె.ఆర్. రామనాథన్, ఆయన సహచరుడు జె.వి. దవే కలిసి ఉమ్‌కేర్ కొలతల నుంచి ఓజోన్ పొరల్ని లెక్కించే విధానాన్ని రూపొందించారు. 1957లో మొదలైన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరానికి అది పనికొచ్చింది. ఈ చరిత్రలో ఇప్పటికీ మనకు కావలసిన పాఠం మాత్రం 1965 నాటిది. ఉమ్‌కేర్ కొలతల్లో నిజంగా ఎంత సమాచారం ఉందని మటీర్ అనే పరిశోధకుడు గణితపరంగా పరీక్షించి, ఒకదానిపై ఒకటి ఆధారపడని అంశాలు నాలుగుకు మించవని చూపారు. ఫలితాల పట్టికల్లో మాత్రం తొమ్మిది పొరలు అచ్చయ్యేవి. అంటే సగానికి పైగా అంకెలు, కొలత చెప్పిన మాటను ముందస్తు అంచనా సాయంతో సాగదీసినవి. అవి తప్పులని కాదు. కొలత ఏదో, సాగదీత ఏదో పాఠకుడికి తెలియకపోవడమే లోపం. తర్వాత వచ్చిన పద్ధతులన్నిటి మీదా ఈ ప్రశ్న నిలిచే ఉంది.

లైడార్: ఒక సమీకరణం, తెలియనివి రెండు

కాంతిపుంజాన్ని పైకి పంపి, తిరిగొచ్చిన వెలుగును బట్టి గాలిని చదవవచ్చన్న ఆలోచన 1930లో సింజ్‌ది. అప్పటికి ఉన్నవి సెర్చ్‌లైట్లే. 1960లో రూబీ లేజర్ వచ్చాక, 1963లో మసాచుసెట్స్ టెక్నాలజీ సంస్థలో ఫియోకో, స్మల్లిన్ పై వాతావరణం నుంచి లేజర్ ప్రతిధ్వనులను పట్టారు. లైడార్ బలం అంతా కాలాన్ని కొలవడంలో ఉంది. పంపిన కాంతి మైక్రోసెకనులో తిరిగొస్తే అది 150 మీటర్ల దూరం నుంచి వచ్చినట్టు. ఎత్తు విషయంలో దీనికి ఊహ అక్కర్లేదు. పొర ఎక్కడుందో లైడార్ చెప్పినంత కచ్చితంగా నేల మీది మరే పద్ధతీ చెప్పలేదు. ఆ పొరలో ఎంత ఉంది అని అడిగినప్పుడే కష్టం మొదలవుతుంది. తిరిగొచ్చే వెలుగు రెండు గుణాల మీద ఆధారపడుతుంది: కణాలు వెనక్కి ఎంత చెదరగొట్టాయి, దారిలో ఎంత కాంతిని తగ్గించాయి. కొలత ఒకటి, తెలియనివి రెండు. 1981లో క్లెట్, 1984లో ఫెర్నాల్డ్ ఇచ్చిన పరిష్కారాలు లెక్కను స్థిరంగా నిలబెట్టాయి. అయితే ఆ రెండు గుణాల నిష్పత్తిని, అంటే లైడార్ నిష్పత్తిని, ముందుగా అనుకోక తప్పదు. శుభ్రమైన సముద్రపు గాలికి అది 20 నుంచి 30 స్టెరేడియన్లు, ఎడారి ధూళికి 40 నుంచి 60, నగరపు పొగకు ఇంకా ఎక్కువ. పగలు సముద్రపు గాలి, రాత్రి నేలగాలి వీచే తీరనగరంలో ఒకే రోజులో ఈ నిష్పత్తి మారిపోతుంది. ఒకే విలువ పెట్టి రోజంతా లెక్కిస్తే గాలి మారిన ప్రతిసారీ తప్పు కూడా మారుతుంది.

ఈ ఊహను తొలగించే దారి రామన్ ఫలితంలో దొరికింది. నైట్రోజన్ అణువులు తరంగదైర్ఘ్యం మార్చి చెదరగొట్టే కాంతిని విడిగా కొలిస్తే, గాలిలో నైట్రోజన్ ఎంతో ముందే తెలుసు గనుక, దారిలో తగ్గిన కాంతి నేరుగా తెలుస్తుంది. 1990 దశకం మొదట్లో ఆన్స్‌మాన్ బృందం దీన్ని ఏరోసోల్ (గాలిలో తేలే కణాల) కొలతకు వాడి చూపింది. సి.వి. రామన్ ఫలితానికి తొలి ఆనవాలును 1923లోనే నీటిలో మసక వెలుగుగా గమనించినవారు ఆయన ప్రయోగశాలలో పనిచేసిన కె.ఆర్. రామనాథనే. గాలి పొరల కథలో ఆ పేరు రెండు దారుల్లోనూ ఎదురవుతుంది. రామన్ వెలుగు ఎంతో బలహీనం కాబట్టి ఈ పద్ధతి రాత్రి బాగా నడుస్తుంది, పగటి వెలుగులో తడబడుతుంది. పరికరం ఖరీదు, నిర్వహణ భారం కూడా ఎక్కువే. అందుకే లైడార్ శిబిరం రెండుగా చీలింది. ఐరోపాలో 2000లో ఏర్పడ్డ ఎర్లినెట్ అనే లైడార్ల వల కొద్ది కేంద్రాల్లో మేలైన పరికరాల దారి పట్టింది. మేఘాల ఎత్తు చెప్పడానికి విమానాశ్రయాల్లో పెట్టే చౌక సీలోమీటర్లనే ఏరోసోల్‌కు కూడా వాడాలన్నది రెండో పక్షం మాట. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతపు బూడిద ఐరోపా విమానాలను నిలిపేసినప్పుడు, ఆ బూడిద ఎక్కడికి చేరిందో చెప్పడంలో జర్మనీ సీలోమీటర్ల వల ఎంతో పనికొచ్చింది. దాంతో రెండో పక్షానికి బలం వచ్చింది.

నేల దగ్గర మాత్రం లైడార్‌కు చూపు తక్కువ. పంపే కాంతిపుంజం, తిరిగొచ్చే కాంతిని పట్టే దూరదర్శిని చూపు పూర్తిగా కలిసేది కొన్ని వందల మీటర్ల పైన. అంతకు లోపల సవరణలతో నెట్టుకురావాలి. మనుషులు ఉండేది అక్కడే. ఇంకో అభ్యంతరం తేమకు సంబంధించింది. తేమ ఎక్కువైతే కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి, చెదరగొట్టే కాంతి పెరుగుతుంది, పొడి బరువు మాత్రం పెరగదు. ఢిల్లీ పొగమంచులో లైడార్ చూపే మందమైన పొరను సూక్ష్మకణాల బరువుగా చదివితే లెక్క పెరిగిపోతుంది.

ఆకాశపు వెలుగును చదివేవారు

రెండో శిబిరానికి లేజర్ అక్కర్లేదు. సూర్యకాంతి చాలు. 1979లో ప్లాట్, పెర్నర్ ప్రవేశపెట్టిన డోయాస్ పద్ధతి, వర్ణపటంలో ఒక్కో వాయువు వదిలే సన్నని శోషణ గుర్తులను బట్టి దాన్ని గుర్తిస్తుంది. 2000 తర్వాత హైడెల్‌బర్గ్ బృందం, మరికొందరు దీన్ని అనేక కోణాలకు విస్తరించి మ్యాక్స్-డోయాస్‌గా మార్చారు. ఒకటి రెండు డిగ్రీల కోణంలో దిగంతం వైపు చూస్తే కాంతి అడుగు పొరలో ఎక్కువ దూరం ప్రయాణించి వస్తుంది, 30 డిగ్రీల వైపు చూస్తే తక్కువ. కోణాల మధ్య తేడాలోంచి ఎత్తు లెక్క తేలుతుంది. లైడార్‌కు కష్టమైన వాయువులు ఇక్కడ తేలిగ్గా పట్టుబడతాయి: నైట్రోజన్ డయాక్సైడ్, ఫార్మాల్డిహైడ్, సల్ఫర్ డయాక్సైడ్. ఏరోసోల్‌ను పరోక్షంగా చదవడానికి ఆక్సిజన్ అణువుల జంటలు సాయపడతాయి. గాలిలో ఆక్సిజన్ ఎంతో తెలుసు గనుక, ఆ జంటల శోషణ ఊహించినంత రాకపోతే కణాలు కాంతి దారిని మార్చాయని అర్థం.

ఇక్కడ ఊహ మరోచోట దాగి ఉంటుంది. పదిలోపు కోణాల కొలతల నుంచి ఇరవై పొరల చిత్రం గీయాలంటే, ముందస్తు అంచనా ఒకటి పెట్టుకుని, కొలత ఒప్పుకున్న మేరకు దాన్ని సవరించాలి. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రాడ్జర్స్ 2000లో వెలువరించిన పుస్తకం ఈ గణితానికి ప్రామాణికం. మరో వర్గం పొర మందం, మొత్తం రాశి, ఆకారం వంటి రెండు మూడు సంఖ్యలతో సరిపెట్టుకుని వాటినే వెతుకుతుంది. మొదటి వర్గం రెండోదాన్ని మొరటు అంటుంది. మొదటిది లేని వివరాన్ని గీస్తుందన్నది రెండో వర్గం జవాబు. సాధారణంగా ఒక మ్యాక్స్-డోయాస్ ఫలితంలో స్వతంత్ర అంశాలు రెండు మూడు మాత్రమే అన్నది ఇరువర్గాలూ ఒప్పుకునే మాట. మటీర్ హెచ్చరిక తిరిగి వినిపిస్తున్నట్టే. ఈ విషయంలో నేను రెండో వర్గం వైపు మొగ్గుతాను. గణితం వాళ్లది మెరుగని కాదు. వాళ్లిచ్చే అంకెల సంఖ్య కొలతలోని సమాచారానికి దగ్గరగా ఉంటుంది. మొదటి వర్గం ప్రతి ఎత్తున కొలత వాటా ఎంతో చూపే పట్టికను కూడా ప్రకటిస్తే నాకు అభ్యంతరం లేదు. చాలా బృందాలు ఆ పట్టికను లెక్కగడతాయి, చిత్రం కింద వేయడం మానేస్తాయి.

ఆక్సిజన్ జంటల దగ్గర తగాదా ఇంకా తేలలేదు. లెక్కకు కుదరాలంటే కొలిచిన శోషణను సుమారు 0.8తో గుణించాలని కొన్ని బృందాలు అంటాయి, అక్కర్లేదని మరికొన్ని. 2013 వేసవిలో జర్మనీలోని మైన్‌జ్‌లో తీసిన కొలతలను వాగ్నర్ బృందం నిశితంగా పరీక్షించి 2019లో ప్రకటించింది. జూన్ 18న కొలత, లెక్క చక్కగా కుదిరాయి. జూలై 8న నిష్పత్తి 0.82 దగ్గర నిలిచింది. ఒకే పరికరం, ఒకే చోటు, రెండు రోజులకు రెండు జవాబులు. కారణం ఇదీ అని తేల్చలేకపోయారు. ఒక వృత్తి మొత్తం తన అడుగు రాయిని ఇంత బాహాటంగా పరీక్షకు పెట్టడం మెచ్చుకోవలసిన విషయం. తేలేదాకా ఆ గుణకం వాడారో లేదో ప్రతి ఫలితంతో పాటు చెప్పి తీరాలి.

ఎదురెదురుగా నిలబెడితే

2016 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని కబావ్‌లో 24 సంస్థల నుంచి ఆకాశపు వెలుగును చదివే 36 పరికరాలు ఒకే మైదానంలో నిలిచాయి. అక్కడ 213 మీటర్ల కొలతల గోపురం కూడా ఉంది. వాలుగా చూసిన మొత్తం శోషణలో పరికరాలు బాగా ఏకీభవించాయి. వాటి నుంచి ఎత్తుల లెక్క తీసేటప్పుడు, ముఖ్యంగా పైపొరల్లో, తేడాలు బయటపడ్డాయి. పరికరాలు దాదాపు ఒకటే మాట చెబితే లెక్కలు వేర్వేరు మాటలు చెప్పాయన్నమాట. నా వాదానికి ఇంతకంటే సూటైన సాక్ష్యం అక్కర్లేదు. ఇక రెండు శిబిరాలనూ పక్కపక్కన పెడితే, లైడార్ పొరల అంచుల్ని, కిలోమీటరు పైనున్న పొగను, రాత్రిని చూడగలదు. వాయువుల విషయంలోనూ నేల అంచునా దాని చూపు తగ్గుతుంది. మ్యాక్స్-డోయాస్‌కు అడుగు కిలోమీటరు, వాయువులు బలం. రాత్రి అది గుడ్డిది, మబ్బులో తడబడుతుంది, రెండు కిలోమీటర్ల పైన పొర ఉంటే దాదాపు గమనించదు. 1999 హిందూ మహాసముద్ర ప్రయోగంలో మాల్దీవుల మీదుగా మూడు నాలుగు కిలోమీటర్ల ఎత్తు దాకా తేలియాడిన దక్షిణాసియా పొగను పట్టింది లైడార్లే. ఆకాశపు వెలుగు చదివే పద్ధతులతో ఆ పొరల ఆకారం దొరికేది కాదు.

ఆక్షేపణలు, జవాబులు

ఇంత అనిశ్చితి దేనికి, బెలూన్లూ డ్రోన్లూ పంపితే నేరుగా తెలుస్తుంది కదా అన్న ప్రశ్న సబబైనదే. వానాకాలంలో ఆసియా మీద 13 నుంచి 18 కిలోమీటర్ల మధ్య ఏర్పడే ఏరోసోల్ పొరను ఉపగ్రహ లైడార్ చూపింది. అందులో ఏముందో చెప్పింది గాదంకి, హైదరాబాద్ వంటి చోట్ల నుంచి వదిలిన బెలూన్లు. వాటి నమూనాల్లో నైట్రేట్ దొరికింది. రసాయనం కావాలంటే పైకి వెళ్లక తప్పదు. బెలూన్ ఒక గంట గాలిని చెబుతుంది. ఉదయం మూత తెరుచుకునే ఆ రెండు గంటల్లో ఏం జరిగిందో ఏడాది పొడవునా రోజూ చెప్పగలిగేది నేల మీది పరికరమే. రెండింటి పనులు వేరు.

ఉపగ్రహాలు ఇంత మెరుగయ్యాక నేల కొలతలు ఎందుకన్నది మరో ఆక్షేపణ. 2017లో ఎగిరిన ట్రోపోమి పరికరం నైట్రోజన్ డయాక్సైడ్ లెక్కను 19 మ్యాక్స్-డోయాస్ కేంద్రాలతో పోల్చి 2021లో ప్రకటించారు. బాగా కలుషితమైన చోట్ల ఉపగ్రహం లెక్క 51 శాతం వరకు తక్కువ వచ్చింది. కాంతి అడుగు పొర దాకా సరిగా దిగకపోవడం, ఆ పొర ఆకారాన్ని నమూనా నుంచి అరువు తెచ్చుకోవడం ఇందుకు ముఖ్య కారణాలు. పంజాబ్‌లోని మొహాలీలో 2013 జనవరి నుంచి 2017 జూన్ దాకా సాగిన మ్యాక్స్-డోయాస్ కొలతలు మన సింధు-గంగా మైదానానికి సరిగ్గా ఈ పరీక్షనే చేశాయి. అటువంటివి దేశంలో కొద్ది చోట్లకే పరిమితం కావడం పెద్ద వెలితి.

ప్రజారోగ్యానికి నేల మీది అంకె చాలు, పైపొరలు శాస్త్రవేత్తల సరదా అనే మాట కార్యాలయాల్లో వినిపిస్తుంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం నగరాలకు శాతాల లక్ష్యాలు పెట్టింది. ఒక చలికాలం గాలి ఎక్కువ కలిసి, మూత పైకి జరిగితే, ఒక్క పొగగొట్టం తగ్గకపోయినా నేల అంకె తగ్గుతుంది. మరో ఏడు మూత కిందికి దిగితే నిజాయతీగా పనిచేసిన నగరం ఓడినట్టు కనిపిస్తుంది. పొర ఎత్తు తెలియకుండా వాతావరణం చేసిన పనినీ, మనిషి చేసిన పనినీ వేరుచేయలేం. డబ్బు, జవాబుదారీ ముడిపడిన లక్ష్యానికి ఇది సరదా విషయం కాదు.

తేలనిది, చేయదగ్గది

అడుగు రెండు వందల మీటర్లే ఇంకా తేలని ప్రాంతం. అక్కడ లైడార్ సవరణల మీద బతుకుతుంది. మ్యాక్స్-డోయాస్ ఆ మందాన్నంతా ఒకే సగటుగా, కొన్ని కిలోమీటర్ల దూరం మీద కలిపి చూస్తుంది. రాత్రి వాయువుల సంగతి దాదాపు చీకటే. లైడార్ వెలుగును సూక్ష్మకణాల బరువుగా మార్చే లెక్క తేమను బట్టి, కణాల రకాన్ని బట్టి ఊరూరా మారుతుంది. ఒక ఊరి గుణకాన్ని మరో ఊరికి వాడటం ఇప్పటికీ సాగుతోంది, మానాలి.

తెలుగు నేలకు ఈ విషయంలో ఉన్న ఆస్తి చిన్నది కాదు. తిరుపతికి దగ్గరలోని గాదంకిలో 1998లో జపాన్ సహకారంతో లైడార్ నిలబెట్టారు. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలకు గాలి పొరల్ని చదవడంలో దశాబ్దాల అనుభవం ఉంది. దాని దగ్గరలోనే ప్రకృతి ఇచ్చిన గోపురం ఒకటుంది. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో సుమారు ఏడు వందల మీటర్ల తేడా. విశాఖలో రేవుకూ, పరిశ్రమలకూ పక్కనే సింహాచలం కొండ సుమారు 300 మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. కొండ మీది గాలి, బయటి బహిరంగ గాలి ఒకటి కావని, వాలు వెంట పైకీ కిందికీ గాలులు పారతాయని అభ్యంతరం చెప్పవచ్చు. నిజమే. మధ్యాహ్నాల్లో ఆ తేడాను లెక్కలోకి తీసుకోవాలి. రాత్రి, తెల్లవారుజామున మూత కొండకు దిగువన ఉందో లేదో చెప్పడానికి మాత్రం కింద ఒకటి, పైన ఒకటి ఉన్న మామూలు యంత్రాల జత చాలా వరకు చాలు. లైడార్, మ్యాక్స్-డోయాస్ రెండూ బలహీనపడే ఎత్తుల్లోనే ఈ జత బలంగా ఉంటుంది. మన కాలుష్య నియంత్రణ మండళ్లు కొత్త నేల కేంద్రాలకు స్థలాలు వెతికేటప్పుడు, అందులో ఒక్కటి కొండ మీద పెట్టి, కింద ఒక సీలోమీటరు నిలిపి, వచ్చిన లెక్కను దాని వెనకున్న ఊహతో సహా గంట గంటకూ ప్రజలకు ఇవ్వాలి. తిరుపతి నుంచి మొదలుపెట్టవచ్చు.